పుస్తకం మూసి వినమన్నందుకు

ప్రశ్న: మాది తిరుపతి. పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెబుతాను. వయసు 52. మా ఇంటికి దగ్గర్లో ఒక ఆచార్యులవారు సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం పూట విష్ణుసహస్రనామం నేర్పిస్తున్నారు. రోజుకు రెండు శ్లోకాలు, అర్థంతో సహా. ఆయనకు 34 ఏళ్ళు. నేనూ మా ఆవిడా కలిసే చేరాం. పీఠిక అయిపోయి మొదటి నామానికి వచ్చాక, ‘విశ్వం’ అంటే అన్నిటా పరిపూర్ణుడు అన్నారాయన. నా దగ్గర శంకర భాష్యం ఉంది. ‘విశ్వం అంటే జగత్తు కదా స్వామీ’ అని పేజీ తీసి చూపించాను. ‘మీరు ముందు పుస్తకం మూసి వినండి’ అన్నారు, పన్నెండు మంది ముందు. ఆ రోజు పాఠం చివరిదాకా కూర్చున్నాను, మళ్ళీ పోలేదు. మూడు వారాలైంది. మా ఆవిడ మాత్రం పోతూనే ఉంది. అక్కడ అందరూ సాష్టాంగం చేస్తారు. నాకు మోకాళ్ళ నొప్పులు, పైగా నాకన్నా 18 ఏళ్ళు చిన్నవాడి ముందు ఒళ్ళు వంగదు. వినయం అంటే నోరు మూసుకుని కూర్చోవడమేనా?

జవాబు: కాదండీ. అయితే మీ ఉత్తరంలో నామం అర్థమూ, మీకు తగిలిన దెబ్బా కలగలిసిపోయాయి. అర్థం సంగతి తేలిక, దాన్ని ముందు తీసేద్దాం.

మన వైపు సహస్రనామ పాఠం సాధారణంగా రెండు వ్యాఖ్యానాల్లో ఏదో ఒకదాని వెంట నడుస్తుంది. ఒకటి శంకరుల పేరున ఉన్న భాష్యం. ఇంకొకటి రామానుజుల తరువాతి తరానికి చెందిన పరాశర భట్టరు రాసిన భగవద్గుణదర్పణం. తిరుపతిలో శ్రీవైష్ణవ ఆచార్యులు పాఠం చెబుతున్నారంటే అది భట్టరు దారిలో సాగడం సహజం. స్వరూపంలో, రూపంలో, గుణాల్లో, వైభవంలో ఏ లోటూ లేనివాడు కనుక విశ్వం అని భట్టరు చెప్పారు. ఆచార్యులవారు తన సొంత అర్థం చెప్పలేదు, తన గురువుల దగ్గర విన్నది చెప్పారు. ఇక మీరు చూపించిన పేజీని ఇంకోసారి నిదానంగా చదవండి. శంకరులు కూడా ‘జగత్తు’ అని ఒక్కమాటలో తేల్చలేదు. జగత్తుకు కారణం కనుక బ్రహ్మాన్ని విశ్వం అంటారన్నారు. పరమార్థంలో ఈ జగత్తు ఆయనకన్నా వేరు కాదు కనుక అన్నారు. సృష్టించి అందులో ప్రవేశించాడు కనుక అని కూడా అన్నారు. మీరు ఆ పేజీ తీసింది ఆచార్యులవారిని సరిదిద్దడానికి. అందుకే అందులో ఉన్నదంతా మీ కంట పడలేదు.

సివిల్ చెప్పేవారు కనుక ఇది మీకు ఇట్టే అర్థమవుతుంది. బెండింగ్ మూమెంట్ పాఠంలో, కిందికి వంగితే ప్లస్ అని మీరొక గుర్తు పద్ధతి పెట్టుకుని లెక్క చేయిస్తున్నారు. ఒక కుర్రాడు ఇంకో పుస్తకం తెరిచి ‘సార్, ఇక్కడ మైనస్ ఉంది కదా’ అన్నాడు. ఆ పుస్తకం తప్పు కాదు, మీరూ తప్పు కాదు. కానీ లెక్క మధ్యలో రెండు పద్ధతులూ కలిపితే ఆ కుర్రాడికి జవాబు రాదు, పక్కవాళ్ళకూ రాదు. ముందు ఒక పద్ధతిలో లెక్క పూర్తి చెయ్యమంటారు మీరు. శాస్త్రపాఠంలోనూ అంతే. మొదట ఒక సంప్రదాయం ఆసాంతం వినాలి. రెండోది చదవకూడదని ఎవరూ అనరు, మొదటిది ఒంటబట్టాక చదవండి. అప్పుడు తేడా ఎక్కడుందో, ఎందుకుందో మీకే కనబడుతుంది.

పుస్తకం మూయమన్నది అవమానించడానికే అనుకున్నారు. పాఠం చెప్పేవారికి దానికి వేరే కారణం ఉంటుంది. ఈ విద్య చెవితో వచ్చేది. వేదపాఠశాలల్లో సంథ చెప్పేటప్పుడు గురువు ఒకసారి అంటారు, శిష్యులు రెండుసార్లు అంటారు. ఆ తరువాత పది సార్లో, అంతకన్నా ఎక్కువో వల్లె వేస్తారు. రాసింది చూసి చదివేవాణ్ణి, ఉచ్చారణ నియమాలు చెప్పే పాణినీయ శిక్ష అధమ పాఠకుల్లో చేర్చింది. ఆ జాబితాలో ఆరుగురున్నారు: పాటలా సాగదీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపుతూ చదివేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. సహస్రనామం వేదం కాదు, స్వరనియమం లేదు, పుస్తకం పెట్టుకుని పారాయణ చేసుకోవచ్చు. నేర్చుకునేటప్పుడు మాత్రం కన్ను ముందుకు పరిగెత్తితే చెవి వెనకబడుతుంది. మొదటి శ్లోకంలోనే చూడండి. ‘విశ్వం విష్ణుర్వషట్కారో’లో శ వేరు, ష వేరు. అక్షరాలు కళ్ళెదుటే ఉన్నా చాలామంది నోట ‘వశట్కారో’ అనే వస్తుంది. ‘విష్ణుర్’ దగ్గర ఊపిరి తెంచి ‘వషట్కారో’ అని మళ్ళీ అందుకుంటారు. విసర్గ రేఫగా, అంటే ర్‌గా, మారింది పక్క అక్షరంతో కలవడానికే కదా, అక్కడ తెంచితే ఆ సంధికి అర్థమే లేదు. ‘భూతభవ్యభవత్ప్రభుః’లో నాలుగు భకారాలున్నాయి. ఒత్తు నాలుగింటికీ సమానంగా పడాలి. రెండోదానికి వచ్చేసరికి బ అయిపోతుంది. చూసి చదివేవాడికి ఈ తప్పులు వినబడవు, ఎందుకంటే తన గొంతులో అతనికి వినిపించేది అచ్చులో ఉన్నదే. పుస్తకం మూసినవాడికి గురువు నోరు వినబడుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. గీత నాలుగో అధ్యాయం 34వ శ్లోకంలో, తత్త్వం తెలిసినవారి దగ్గర ఎట్లా నేర్చుకోవాలో మూడు మాటల్లో ఉంది: ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ. అంటే వంగడం, చక్కగా అడగడం, చాకిరీ చెయ్యడం. ప్రశ్నను ఆ శ్లోకమే మధ్యలో కూర్చోబెట్టింది. నోరు మూసుకోమని అందులో లేదు. అడిగే తీరు మీదే అంతా ఉంది.

మీ వాక్యం మళ్ళీ చూసుకోండి: ‘విశ్వం అంటే జగత్తు కదా స్వామీ.’ ఇందులో జవాబు ముందే ఉంది. ‘కదా’ అన్న మాట ఒప్పుకోమని అడుగుతోంది, చూపించిన పేజీ సాక్ష్యం చెబుతోంది. ఇది తెలుసుకోవడానికి అడిగింది కాదండీ, ఆయన్ను బోనులో నిలబెట్టింది. మనసులో దురుద్దేశం లేకపోయినా నోటికి అలవాటైపోతుంది. ఏళ్ళ తరబడి బోర్డు పక్కన నిలబడినవారికి బెంచీ మీద కూర్చోవడం అందరికన్నా కష్టం. ఎదుటివారి వాక్యం పూర్తికాకముందే తల ఊగుతుంది, చివరి మాట మనమే అందిస్తాం, ఉదాహరణ మనకు ముందే తట్టి ఎదురుచూస్తూ కూర్చుంటాం. ఆ ఎదురుచూపులో ఆయన చెప్పింది చెవిలో పడదు.

అడిగే పద్ధతి ఇది. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, పాఠంలో తెరవకండి, ఇంటికొచ్చాక రాయండి. ఎడమ పేజీలో ఆయన చెప్పింది, వీలైనంతవరకు ఆయన మాటల్లోనే. కుడి పేజీలో మీ సందేహం. ఆ సందేహాన్ని మూడు పాఠాల దాకా కదిలించకండి. చాలావరకు తరువాతి నామాల దగ్గరే తీరిపోతాయి, కొట్టేయండి. మిగిలినవాటిలో ఒక్కటి ఎంచుకోండి. పాఠం అయ్యాక, నలుగురూ లేచాక, దగ్గరకెళ్ళి ముందు ఆయన చెప్పింది చెప్పండి: ‘స్వామీ, విశ్వం అంటే పరిపూర్ణుడు అన్నారు. నేను విన్నది సరేనా?’ అవునన్నాక, ‘శంకర భాష్యంలో జగత్కారణం అని ఉంది. ఆ రెండిటినీ ఎట్లా చూడాలి?’ అనండి. సారాంశం మీరు ఆ రోజు అన్నదే. ఇట్లా అడిగితే ఏ పండితుడైనా కూర్చోబెట్టి చెబుతారు, ఒక్కోసారి గంట చెబుతారు. ‘యూట్యూబ్‌లో ఫలానావారు ఇంకోలా చెప్పారు’ అని మాత్రం మొదలుపెట్టకండి. అక్కడ లేని మనిషికి ఆయన జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది, మీ సందేహం పక్కకు పోతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకోవాలంటే ముందు అడగండి. వద్దంటే మానేయండి, కారణం అడగొద్దు.

మీరు చదివిన చదువును దాచుకోవాల్సిన పని కూడా లేదు. ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వెళితే, నీకు తెలిసింది ముందు చెప్పు, ఆపైది నేను చెబుతానంటాడాయన. నారదుడు నాలుగు వేదాల నుంచి మొదలుపెట్టి చదివినవన్నీ వరసగా చెప్పి, ఇన్నీ ఉన్నా నేను మంత్రాలు తెలిసినవాణ్ణే, ఆత్మ తెలిసినవాణ్ణి కాను అంటాడు. చదువు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, లోటూ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ‘అయ్యో, నాకేం తెలుసు స్వామీ, నేను పామరుణ్ణి’ అని పదే పదే అనడం దీనికి ఎదురు. అట్లా అనేవారు, గురువు ‘అదేం కాదు’ అనాలని ఎదురుచూస్తుంటారు. వెనక వరసలో కూర్చుని ముందుకు పిలిపించుకోవడమూ ఆ కోవలోదే. మీకు ఆ జబ్బు ఉన్నట్టు ఉత్తరంలో కనబడలేదు. తిరిగి వెళ్ళాక అది పట్టుకోకుండా చూసుకోండి.

వయసు గురించి. మీ బాధ కొత్తది కాదు, మనుస్మృతి రెండో అధ్యాయంలోనే ఉంది. అంగిరసుడి కొడుకు చిన్నవాడు, తండ్రి వరసవారికి వేదం చెబుతూ వాళ్ళను ‘పిల్లలూ’ అని పిలిచాడట. వాళ్ళు మండిపడి దేవతలను అడిగారు. కుర్రవాడు న్యాయంగానే అన్నాడు, తెలియనివాడే బాలుడు, మంత్రం ఇచ్చినవాడు తండ్రి అని దేవతలు చెప్పారు. దక్షిణామూర్తి ధ్యానశ్లోకంలో మర్రిచెట్టు కింద శిష్యులు ముసలివారు, గురువు యువకుడు. శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు దక్షిణామూర్తి ఎదుట ఆ శ్లోకం ఒకసారి తలచుకోండి. ఇది పాఠం జరిగే ఆ కాసేపటికి సంబంధించిన వరస. తరువాత వీధిలో కలిసినప్పుడు ఆయన మిమ్మల్ని పెద్దవారిగా చూసి ‘సార్’ అంటే సంకోచం లేకుండా అనిపించుకోండి. రెండు మర్యాదలూ పక్కపక్కనే ఉండగలవు.

సాష్టాంగానికి చెప్పే ఎనిమిది అంగాలు: రొమ్ము, తల, చూపు, మనసు, మాట, పాదాలు, చేతులు, మోకాళ్ళు. చూపు, మనసు, మాట ఈ మూడింటికీ మీ నొప్పితో పనిలేదు. మోకాళ్ళు అరిగినవారికి పడటంకన్నా లేవడం ప్రమాదం. గచ్చు మీద చేతులు ఊని లేస్తున్నా మోకాళ్ళ మీద బరువు పడుతుంది. ఒక్కసారి, విడిగా, ‘మోకాళ్ళు సహకరించవు స్వామీ, నిలబడి దణ్ణం పెట్టుకుంటాను’ అని చెప్పేయండి. రెండు చేతులూ జోడించి, తల వంచి, ఒక శ్వాస తీసుకునేంతసేపు అట్లానే ఉండండి. హడావిడిగా చేసే సాష్టాంగంకన్నా ఇది నయం. ఆయన జపంలో ఉన్నప్పుడు, భోంచేస్తున్నప్పుడు, పడుకున్నప్పుడు, ఆయన చేతిలోనో మీ చేతిలోనో నీళ్ళ చెంబో మరొకటో ఉన్నప్పుడు నమస్కారం చెయ్యరు, ఆగండి. కుర్చీ కావాలంటే అడిగి, పక్క గోడవారగా వేసుకోండి. కాళ్ళు ఆయన వైపో, దేవుడి పటం వైపో చాపకండి. మోకాలు పట్టేసి చాపక తప్పకపోతే పైన కండువా కప్పుకోండి, అందరికీ అర్థమవుతుంది.

ఒళ్ళు వంగనిది నొప్పివల్లనా, మనసువల్లనా అన్నది మీకు తప్ప ఎవరికీ తెలియదు. నిజాయితీగా రెండూ రాశారు. మనసుకు మందు సేవలో ఉంది. పాఠానికి 20 నిమిషాలు ముందు వెళ్ళండి. చాపలు పరచండి, మంచినీళ్ళ బిందె నింపండి, వ్యాసపీఠం మీద దుమ్ము తుడవండి. అయ్యాక చాపలు చుట్టి మూలన పెట్టండి. ఇంతే. ఆయన ఇంటి కరెంటు బిల్లు కట్టడం, బైకు మీద ఊరంతా తిప్పడం ఇందులోకి రావు, మొదలుపెట్టకండి కూడా. వాటివల్ల మీకు ఆయన మీద తెలియని హక్కు ఏర్పడుతుంది. చిన్నపనిలో ఎంత శ్రద్ధ పడుతుందో తిరుమల కథలోనే ఉంది. తిరుమలనంబి శిష్యుడైన గోవిందుడు గురువు పడక వేసి, ముందు తాను దానిమీద పడుకుని చూశాడు. గురువు పరుపు మీద పడుకోవడం అపచారం కదా అంటే, ఆ పాపం నాకు రానీ, ఎక్కడా ముడత గుచ్చుకోకుండా ఆయనకు నిద్ర పడితే చాలు అన్నాడని శ్రీవైష్ణవులు చెప్పుకుంటారు. ఆ గోవిందుడే తరువాత ఎంబార్ అనే పేరుతో శ్రీవైష్ణవ ఆచార్యుడయ్యాడు.

వినయం శిష్యుడికే కాదు, చెప్పేవారికీ కావాలి. ఆ తిరుమలనంబి, 1017లో పుట్టిన రామానుజులకు మేనమామ. రామానుజులు కొండకు వచ్చినప్పుడు నంబి స్వయంగా ఎదురు వచ్చారట. ఇంత పెద్దవారు మీరు రావాలా, ఎవరైనా చిన్నవాణ్ణి పంపలేకపోయారా అని రామానుజులు అడిగితే, నాలుగు వీధులూ వెతికాను, నాకన్నా చిన్నవాడు కనబడలేదన్నారట. ఆ తరువాత ఏడాదిపాటు కొండ దిగివచ్చి మేనల్లుడికి రామాయణం చెప్పారు. అలిపిరి పాదాల మండపం ఆ పాఠాలను గుర్తు చేస్తూ ఉంది. అప్పటికే శ్రీరంగంలో పెద్ద ఆచార్యులైన రామానుజులు ఒక ఏడాది కింద కూర్చుని విన్నారు.

అందుకే ఈ మాటా చెప్పాలి. మీ ఆచార్యులవారు అన్నది సరైనదే, పన్నెండు మంది ముందు అన్న తీరు సరికాదు. ‘పాఠం అయ్యాక మాట్లాడుకుందాం’ అంటే సరిపోయేది. ఆయనా మనిషే. అర్థం చెబుతున్న ఊపులో పేజీ అడ్డం పడేసరికి నోరు జారి ఉండొచ్చు. మీకు కష్టం కలిగిందని ఆయనకు చెప్పడం అవినయం కాదు. తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడే శిష్యుడికి చెబుతాడు, మాలో ఉన్న మంచి నడతలనే పట్టుకో, తక్కినవి వద్దు అని. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడు తన దగ్గరికి వచ్చిన ఆరుగురినీ ఒక ఏడాది ఉండి ఆపైన అడగమంటాడు, మాకు తెలిసి ఉంటే అంతా చెబుతామంటాడు. ‘తెలిసి ఉంటే’ అన్న మాట గురువు నోటి నుంచి వస్తే ఆ చోటు మంచిదని గుర్తు. గీత అంతా చెప్పాక కూడా, పూర్తిగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యి అన్నాడు కృష్ణుడు.

ఎక్కడ వంగకూడదో కూడా తెలిసి ఉండాలి. రహస్య మంత్రానికి ఇంత అని రేటు చెప్పినా, ఇంట్లోవాళ్ళకు చెప్పొద్దన్నా, డాక్టరు ఇచ్చిన మందులు మానమన్నా, ఇంకెవరి దగ్గరా వినకూడదని భయపెట్టినా, ఆడవాళ్ళను ఒంటరిగా రమ్మన్నా లేచి వచ్చేయండి, వెనక్కి చూడక్కర్లేదు. ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. పుస్తకం మూయమనడం వీటిలోకి రాదు.

తిరిగి వెళ్ళేటప్పుడు వాట్సాప్‌లో పెద్ద సందేశం పెట్టకండి. మీ ఆవిడతో రాయబారం పంపకండి, ఆమెను మధ్యలో నిలబెట్టడం అన్యాయం. ఒక పాఠంరోజు ముందుగా ఒక్కరే వెళ్ళండి. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, ఆయన పలకరించేదాకా నిలబడండి. తాంబూలం తీసుకెళితే రెండు ఆకులు, వక్క, రెండు పళ్ళు చాలు. దక్షిణ ఈ రోజు పెట్టకండి, మాఫీ కోసం ఇచ్చినట్టుంటుంది. మామూలు దక్షిణ 116 అయినా 516 అయినా పాఠాలు పూర్తయిన రోజున, మీ ఇద్దరి తరఫునా కలిపి ఇవ్వండి. చెప్పాల్సింది మూడు ముక్కలు: ‘ఆ రోజు అందరి ముందు అన్నందుకు కష్టం కలిగింది స్వామీ. నేనూ పాఠం మధ్యలో అట్లా చూపించి ఉండకూడదు. మళ్ళీ కూర్చోవాలని ఉంది.’ నాలుగో ముక్క వద్దు. ఆయన ఏం జవాబిచ్చినా సరే, భాష్యం గొడవ ఆ రోజు ఎత్తకండి.

అంతకన్నా ముందు చెయ్యాల్సింది ఇంట్లో ఉంది. చదువులో పావు గురువు నుంచి, పావు సొంత బుద్ధితో, పావు తోటి విద్యార్థుల నుంచి, చివరి పావు కాలం గడిచేకొద్దీ వస్తుందని పాత శ్లోకం. మూడు వారాలంటే తొమ్మిది పాఠాలు, పద్దెనిమిది శ్లోకాలు పోయాయి. మొత్తం 108లో ఆరో వంతు. వాటికోసం ఆచార్యులవారిని వెనక్కి రమ్మనలేరు, క్యాసెట్టో వీడియోనో పెట్టుకుంటే తప్పు ఎక్కడ పోతోందో అది చెప్పదు. మీ ఆవిడ తొమ్మిది పాఠాలూ విన్నారు. పొద్దున కాఫీకి ముందు రోజుకు రెండు శ్లోకాలు ఆమె దగ్గర సంథ చెప్పించుకోండి. ఆమె ఒకసారి, మీరు రెండుసార్లు, తరువాత మీరొక్కరే పదిసార్లు వల్లె. పుస్తకం అలమరలోనే ఉండనివ్వండి. తొమ్మిది రోజుల్లో మిగతావాళ్ళకు దగ్గరగా వస్తారు.

‘యోగో యోగవిదాం నేతా’ దగ్గర మొదలుపెట్టండి, అది మూడో శ్లోకం. మూడో పాదంలో ‘నారసింహవపుః శ్రీమాన్’ వస్తుంది. అక్కడ విసర్గ మింగేసి ‘వపుశ్రీమాన్’ అనేవారే ఎక్కువ. ఆమె ఎట్లా పలుకుతున్నారో వినండి. తేడాగా వినిపించినా వెంటనే దిద్దకండి, ఆమె విన్నట్టే రెండుసార్లు అనండి. ఇద్దరూ కలిసి పాఠానికి వెళ్ళిన రోజున ఆచార్యులవారి నోట ఇంకోసారి విని, అప్పుడు ఇద్దరూ సరిచూసుకోండి.